దివిసీమకి రైలే లేదు, నీకు ట్రామ్ కావాలా?

సిడ్నీ అనగానే అందరికీ ఒపేరా హౌసే గుర్తొస్తుంది. తెల్లటి గవ్వలు బోర్లించినట్టుండే ఆ భవనం కట్టక ముందు ఆ చోట ఏముండేదో తెలుసా? ట్రామ్ షెడ్డు. 1958లో ఆ డిపోని కూలగొట్టి అక్కడ ఒపేరా హౌస్‌కి చోటు చేశారు. ఊరంతా ట్రామ్‌లు పీకేస్తున్న రోజులవి. ఊరి నడిబొడ్డున ఉండే జార్జ్ స్ట్రీట్‌లో 1899 నుంచీ నడిచిన కరెంటు ట్రామ్‌లు ఆ ఏడే ఆగిపోయాయి. 1961 ఫిబ్రవరి 25న సిడ్నీలో ఆఖరి ట్రామ్ కూడా షెడ్డుకి చేరింది. 1945లో ఒక్క ఏడాదిలో 40 కోట్ల ప్రయాణాలు చేయించిన ట్రామ్‌లు పదహారేళ్లు తిరిగేసరికి సున్నా అయిపోయాయి. కార్లొచ్చాయి, బస్సులొచ్చాయి, ఈ పాత సామాను ఇంకెందుకు అనుకున్నారు.

దాదాపు అరవై ఏళ్ల తర్వాత అదే జార్జ్ స్ట్రీట్‌ని మళ్లీ తవ్వారు. మళ్లీ పట్టాలేశారు. 2019 డిసెంబర్ 14న ట్రామ్ తిరిగొచ్చింది. ఈసారి ఇంకో అడుగు ముందుకేసి, వీధిలో పెద్ద భాగం నుంచి కార్లని బయటికి పంపించేశారు. ఒకప్పుడు బస్సుల వెనక బస్సులు, పొగ, హారన్లు ఉన్న చోట ఇప్పుడు మనుషులు నడుస్తున్నారు, బెంచీల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు.

నేను బందరు వాణ్ణి. ఒపేరా హౌస్ ముందు సెల్ఫీ దిగాను, కాదనను. కానీ నెల రోజుల ప్రయాణంలో నన్ను పట్టుకుని వదలనివి మాత్రం రెండు వీధులు. ఒకటి ఈ జార్జ్ స్ట్రీట్. రెండోది పారమాటా అనే చోట చర్చ్ స్ట్రీట్. దీని గురించి మన టూరిస్టు వీడియోల్లో పెద్దగా ఉండదు, అందుకే ముందు దీని సంగతే చెప్తాను.

అత్తయ్య గారి ట్రామ్

సిడ్నీ నడిబొడ్డు నుంచి పడమటికి పాతిక కిలోమీటర్లు వెళ్తే పారమాటా. ఆ పక్కనే వెస్ట్‌మీడ్, హారిస్ పార్క్, వెంట్‌వర్త్‌విల్. ఇక్కడ రోడ్డు మీద తెలుగు వినపడకపోతే ఆశ్చర్యపోవాలి. ఆస్ట్రేలియా 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాయించుకున్నవాళ్లు దాదాపు 60 వేల మంది. అందులో చాలామందికి మొదటి అద్దె ఇల్లు ఈ చుట్టుపక్కలే. మా అక్కావాళ్లూ వెస్ట్‌మీడ్‌లోనే ఉంటారు. అక్కకి రెండో కాన్పని వాళ్ల అత్తగారు అవనిగడ్డ నుంచి నాకంటే నాలుగు నెలల ముందే వచ్చి ఉన్నారు.

పిల్లల దగ్గరికి విదేశాలకి వచ్చే మన పెద్దవాళ్ల సంగతి మీకు తెలిసిందే. కొడుకూ కోడలూ ఆఫీసుకి పోతారు. డ్రైవింగ్ రాదు, వచ్చినా లైసెన్స్ ఉండదు. ఆదివారం కారులో హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్తారు. మిగతా ఆరు రోజులూ కిటికీ, టీవీ, వాట్సాప్‌లో చెల్లెలితో ముచ్చట్లు. ఆరు నెలల వీసా అంటే ఆరు నెలల ఇంటి ఖైదు. మా అత్తయ్య గారు కూడా అలాగే ఉండుంటారనుకున్నాను.

నేను దిగిన మూడో రోజు పొద్దున్న చీర కుచ్చిళ్లు సర్దుకుని, మనవణ్ణి స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి, "పద బాబూ, అలా చర్చ్ స్ట్రీట్ దాకా వెళ్లొద్దాం. నీకు దారి తెలియదుగా" అన్నారు.

ఆవిడ వెనకాల నేను. స్టాప్‌లో ఒక గుంజ ఉంది. "కార్డు దీనికి ఆనించు. టిక్‌మందా? ఆఁ. దిగాక మళ్లీ ఆనించాలి. మర్చిపోయావంటే డబ్బులెక్కువ కోస్తాడు." ఇదంతా ఒక అవనిగడ్డ ఆవిడ నాకు చెప్తున్నారు. అరవై ఏడేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి.

ట్రామ్ వచ్చింది. అక్కడ దాన్ని 'లైట్ రైల్' అంటున్నారు. పేరు కొత్తదిగానీ మనిషి పాతే. స్టాప్ గట్టూ ట్రామ్ నేలా ఒకే ఎత్తు. స్ట్రోలర్ చక్రం అలా దొర్లుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. మా ముందు చక్రాల కుర్చీలో ఒకాయన ఎవరి సాయమూ లేకుండా ఎక్కేశారు.

"చూశావా, మెట్టే లేదు" అన్నారు అత్తయ్య. "మా ఊళ్లో నాగాయలంక బస్సు ఎక్కాలంటే ఒకరు పైనుంచి లాగాలి, ఒకరు కిందనుంచి తొయ్యాలి నన్ను."

ఈ లైను 2024 డిసెంబర్ 20న మొదలైంది. వెస్ట్‌మీడ్ నుంచి కార్లింగ్‌ఫర్డ్ దాకా 12 కిలోమీటర్లు, 16 స్టాపులు. దారిలో పెద్దాసుపత్రి, పిల్లల ఆసుపత్రి వస్తాయి. బెనాడ్ ఓవల్ అని ఒక స్టాప్ ఉంది, మన నాన్నలు టీవీలో విన్న క్రికెట్ కామెంటేటర్ రిచీ బెనాడ్ పేరు మీదే. ట్రామ్‌వే ఎవెన్యూ అని ఇంకోటి. అది కొత్తగా పెట్టిన పేరు కాదు. 1883 నుంచి 1943 దాకా పారమాటా నుంచి నది రేవుకి ఆవిరి ట్రామ్ నడిచింది. ట్రామ్ పోయింది, వీధికి పేరు మిగిలింది. ఎనభై ఏళ్లకి ఆ పేరే స్టాప్ అయి కూర్చుంది.

కార్లింగ్‌ఫర్డ్ వైపు పట్టాలైతే అసలు రైలువే. ఒంటి లైను మీద ఎప్పుడో గానీ రాని రైలు. 2020 జనవరిలో దాన్ని మూసేసి, అదే దారిని ట్రామ్‌కి మార్చారు. ఇప్పుడు పగటిపూట ఏడెనిమిది నిమిషాలకొకటి వస్తోంది.

పట్టా దాటి రాదు కదా

ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ స్క్వేర్ దాటాక ట్రామ్ లెనాక్స్ బ్రిడ్జి మీదుగా నది దాటుతుంది. 1839 నాటి రాతి వంతెన అది. దాని మీద ఇప్పుడు 45 మీటర్ల ట్రామ్ నెమ్మదిగా పోతుంది. అవతలి ఒడ్డున చర్చ్ స్ట్రీట్. రెండు పక్కలా హోటళ్లే. లెబనాన్ కబాబు, ఇటలీ పిజ్జా, థాయ్, మధ్యలో మన బిర్యానీ. అందుకే ఆ ముక్కకి 'ఈట్ స్ట్రీట్' అని ముద్దుపేరు.

ఇక్కడికి రాగానే తల పైన కరెంటు తీగలు మాయమైపోయాయి. ఈ కాస్త దూరం ట్రామ్ తనలో దాచుకున్న కరెంటుతోనే నడుస్తుంది. ఆకాశం ఖాళీగా ఉంది. కింద రాళ్ల పరుపు, అందులోకి సమంగా దిగిన పట్టాలు. మామూలు కార్లు రావు. హోటల్ కుర్చీలు వీధిలోకి వచ్చి కూర్చున్నాయి. ట్రామ్ ఒకసారి గంట కొట్టింది. జనం పరుగెత్తలేదు, అరవలేదు, పక్కకి జరిగారంతే. ట్రామ్ వెళ్లిపోయింది. మళ్లీ కలిసిపోయారు.

మాకు పుల్లట్టు తిరగేసినంత సులువుగా ఉంది ఆ వ్యవహారం. ఎలా కుదిరిందా అని చాలాసేపు అక్కడే కూర్చుని చూశాను. నాకు అర్థమైంది ఇది. ట్రామ్ పెద్దదే, బరువైనదే, కానీ ఎటు వస్తుందో ముందే తెలుసు. పట్టా దాటి రాదు. ఇక్కడ నిలబడితే తగులుతుంది, అడుగు పక్కకేస్తే తగలదు. చిన్నపిల్లాడికి కూడా లెక్క తెలుస్తుంది. మన కోనేరు సెంటర్‌లో భయం వేగం వల్ల కాదండీ. అక్కడ ఎవరూ పెద్ద వేగంగా పోలేరు కూడా. ఎడమ నుంచి ఆటో వస్తుందా, ఎదురు దారిలో బుల్లెట్ వస్తుందా, వెనక నుంచి ట్రాక్టర్ తగులుతుందా అన్నది తెలియదు. అందుకే మా అమ్మ రోడ్డు దాటేటప్పుడు నా మణికట్టు నలిగిపోయేలా పట్టుకుంటుంది.

ఇంకో లెక్క. ఒక ట్రామ్‌లో 400 మంది దాకా పడతారు. ఆటోకి ముగ్గురు చొప్పున (రూలు ప్రకారం చెప్తున్నా, నవ్వకండి) అంత మందిని తీసుకెళ్లడానికి 130 ఆటోలు కావాలి. వాటిని ఒకదాని వెనక ఒకటి పెడితే మూడొందల మీటర్ల పైనే. అదే జనం 45 మీటర్లలో సర్దుకున్నారు. మిగిలిన జాగా కుర్చీలకీ చెట్లకీ దక్కింది. వీధి వెడల్పు ఒక్క అడుగు కూడా పెరగలేదు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నదే మారింది.

పక్క షాపు ఆయన ఇప్పుడు లేడు

ఇంతవరకూ రాసి ఆపేస్తే ఇది టూరిజం వాళ్ల కరపత్రం అవుతుంది.

చర్చ్ స్ట్రీట్‌లో కాఫీ తాగిన చోట యజమానితో మాట కలిపాను. ఇప్పుడు బేరం బాగుందన్నాడు. సాయంత్రాలు కుర్చీలు చాలట్లేదట. మరి తవ్వినన్నాళ్లు? అని అడిగితే నవ్వు ఆగిపోయింది. కంచెలు, దుమ్ము, చప్పుడు, మధ్యలో కరోనా. "నేను తట్టుకున్నాను. నా పక్క షాపు ఆయన ఇప్పుడు లేడు" అన్నాడు. అంటే చనిపోయాడని కాదు. మూసేసి వెళ్లిపోయాడు. వీధి బాగుపడింది, కానీ ఆ బాగు చూడటానికి ఆయన లేడు. 2023 అనుకున్న ట్రామ్ 2024 చివరికి గానీ రాలేదు మరి.

జార్జ్ స్ట్రీట్ కథ ఇంకా పెద్దది. 2015 అక్టోబర్‌లో తవ్వడం మొదలెట్టారు. మొదట వేసిన అంచనా 160 కోట్ల డాలర్లు. చివరికి తేలింది 300 కోట్ల పైన. ఎందుకంత తేడా? పెద్ద కారణం రోడ్డు కింద ఉంది. వందేళ్లు దాటిన వీధి అది. పాత డ్రెయిన్లు, పైపులు, కరెంటు కేబుళ్లు, ఏది ఎక్కడుందో సరైన మ్యాపులు లేవు. తవ్వే కొద్దీ కొత్తది బయటపడేది. కరెంటు కేబుళ్లు మార్చే పని అనుకున్నదానికంటే పెద్దదైందని స్పెయిన్ కాంట్రాక్టర్ ఆక్సియోనా ప్రభుత్వం మీద కోర్టుకెక్కింది. 2019లో 57.6 కోట్ల డాలర్ల దగ్గర రాజీ కుదిరింది. ఇదంతా జరిగినన్నాళ్లు షాపుల ముందు ఆకుపచ్చ కంచెలు. కొనేవాడికి తలుపే కనపడదు. వ్యాపారులు 2018లో మూకుమ్మడిగా ప్రభుత్వం మీద కేసు వేశారు. ట్రామ్ నడవడం మొదలై ఏళ్లు గడిచాక కూడా ఆ కేసు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకి తిరిగింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. జార్జ్ స్ట్రీట్ మీద రెండు ట్రామ్‌లు జతగా నడుస్తాయి, 67 మీటర్ల పొడవు. 2023 మేలో నగరం నడిమధ్య ఆ రెండింటి మధ్య సందులోంచి దాటబోయి పదహారేళ్ల అమ్మాయి ప్రాణం పోగొట్టుకుంది. పట్టా దాటి రాదు కదా అని ఇందాక ధైర్యం చెప్పింది నేనే. దాటి రాదు నిజమే, కానీ ఉన్నచోట ఆగమంటే వెంటనే ఆగదు కూడా. సైకిళ్ల వాళ్లకైతే పట్టాల గాడితో వేరే బాధ, చక్రం అందులో దిగిందంటే మనిషి గాల్లో ఉంటాడు.

మరి ఇంత డబ్బు, ఇంత గోల తర్వాత ఇది చేయదగ్గ పనేనా అని మీరడిగితే నా జవాబు అవుననే. పని రోజు మధ్యాహ్నం జార్జ్ స్ట్రీట్‌లో టౌన్ హాల్ నుంచి సర్క్యులర్ కే దాకా ఒక్కసారి నడిస్తే మీరూ అదే అంటారు. కాకపోతే పక్క షాపు ఆయనకి ముందే లెక్క కట్టి ఇవ్వాలి. ఆయన కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకోకూడదు. ఆ లెక్క ప్రాజెక్టు అంచనాలోనే, పట్టాల ఖరీదు పక్కనే ఉండాలి.

మనమూ ఎక్కిన ట్రామే

ట్రామ్ మనకి కొత్తేం కాదు. ఇండియాలో మొదటి కరెంటు ట్రామ్ నడిచింది మద్రాసులో, 1895 మే 7న. అప్పుడు బందరుకీ గుడివాడకీ రాజధాని మద్రాసే. చదువుకో, కోర్టు పనికో, సినిమా వేషానికో వెళ్లిన కృష్ణా జిల్లా వాడు సెంట్రల్‌లో రైలు దిగి ట్రామ్ ఎక్కేవాడు. 1953 ఏప్రిల్ 12న మద్రాసు ట్రామ్ ఆగిపోయింది. ఆ అక్టోబర్ ఒకటిన ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మనమూ ట్రామూ ఒకే ఏడాది మద్రాసు వదిలేశాం. ఢిల్లీ ట్రామ్ 1963లో పోయింది. ఇప్పుడు దేశం మొత్తానికీ కలకత్తాలో కొన ఊపిరితో మిగిలింది.

పట్టాలు తిరిగి రాకపోయినా నడిచేవాళ్లకి వీధి ఇచ్చిన ఊళ్లు మన దగ్గరా ఉన్నాయి. ఒకప్పుడు ట్రామ్ తిరిగిన చాందినీ చౌక్‌లో 2021 నుంచి పొద్దున్న తొమ్మిది మొదలు రాత్రి తొమ్మిది దాకా మోటారు బళ్లకి ప్రవేశం లేదు. చెన్నై పాండీ బజార్‌లో 2019లో రోడ్డు కుదించి ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు. ఆ వీధికి ఒక కొసన ఉన్న పానగల్ పార్కు మన కాళహస్తి వైపు జమీందారు, మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా చేసిన పానగల్లు రాజా పేరు మీదే. ఒకప్పటి మన సినిమా వాళ్ల సొంత పేట అది. అక్కడ నడుస్తుంటే షాపుల ముందు పిల్లలు పరుగులు పెడుతున్నారు, తల్లులు వాళ్ల వెనక పడట్లేదు. నాకు అదే పెద్ద విషయం అనిపించింది. ఇక హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టూ నడక దారి సంగతి... అది సాగినన్నేళ్లు చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి.

ఇక కోనేరు సెంటర్

చర్చ్ స్ట్రీట్ బెంచీ మీద కూర్చుని అత్తయ్య గారితో అన్నాను, "మన బందర్లో కోనేరు సెంటర్ ఇలా చేస్తే ఎంత బాగుంటుందండీ" అని.

ఆవిడ మనవడి నోట్లో అరటిపండు ముక్క పెడుతూ, "మా దివిసీమకి రైలే లేదు, నీకు ట్రామ్ కావాలా?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. మచిలీపట్నం నుంచి రేపల్లెకి దివిసీమ మీదుగా రైలు వేయండని అడగబట్టి ఎన్నేళ్లయిందో ఆవిడ తరానికే బాగా తెలుసు. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసినవాళ్లు వాళ్లు. రోడ్డు, వంతెన అంటే వాళ్లకి షోకు కాదు, ప్రాణం.

నిజమే, బందరుకి ట్రామ్ అక్కర్లేదు. 2011 లెక్కల్లో ఊరి జనాభా సుమారు 1,70,000, గుడివాడ 1,18,000. ఫ్రాన్స్‌లో ఓబాన్ అని 50 వేలు కూడా లేని ఊళ్లో టికెట్టు లేకుండా ట్రామ్ తిప్పుతున్నారు. అదే దేశపు వాళ్లు ఒకప్పుడు మన ఊళ్లో వ్యాపారం చేసి ఫ్రెంచి పేట అని పేరు వదిలిపోయారు, ట్రామ్ మాత్రం వదల్లేదు. సరదాగా చెప్పానంతే. పారమాటా లైనుకి ఖర్చు 287 కోట్ల డాలర్లు, మన లెక్కలో 15 వేల కోట్ల రూపాయల పైమాట. ఆ డబ్బుంటే ముందు అత్తయ్య గారి రైలు వేయాలి.

కానీ అత్తయ్య గారికి చర్చ్ స్ట్రీట్‌లో నచ్చింది ట్రామ్ ఒక్కటే కాదు. ఇంటి గుమ్మం నుంచి హోటల్ కుర్చీ దాకా ఆవిడ కాలు ఎక్కడా ఎత్తి వేయక్కర్లేదు. దాన్ని తేవడానికి 15 వేల కోట్లు కావాలా?

మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే ఏమిటో ఒకసారి చూడండి. సైడు కాలవ మీద పరిచిన పలకలు. అంతే. ఒక పలక లేచి ఉంటుంది, ఒకటి విరిగి ఉంటుంది, ఒకటి కాలవ పూడిక తీయడానికి ఎత్తి మళ్లీ వేయడం మర్చిపోయి ఉంటారు. ఒక షాపు వాడు ఇంకో షాపు కంటే అరడుగు ఎత్తు పెంచుకుంటాడు, వాన నీళ్లు లోపలికి రాకుండా. ఆ మెట్లు పలకల మీదకొస్తాయి. దాని పక్కన బైకు ఎక్కించుకోవడానికి సిమెంటు ఏటవాలు. ఆ పక్కన ఫ్లెక్సీ గుంజ, ఆ పక్కన ట్రాన్స్‌ఫార్మర్. ఇన్ని దాటుకుంటూ పోవడం కంటే రోడ్డు మీద ఆటోల మధ్య నడవడమే నయం అనుకుంటారు జనం. వాళ్లు అనుకునేది కరెక్టే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల రూల్సు మన దగ్గరా ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే జానెడు కంటే తక్కువ. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అడ్డం లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని. రూలు ఉంది, తీర్పు ఉంది. తిరిగొచ్చాక ఒక సాయంత్రం టేపు పట్టుకుని కోనేరు సెంటర్ చుట్టూ తిరిగాను. 1.8 మీటర్లు ఒక్క చోట దొరికింది, ఒక మూసేసిన షాపు ముందు. గట్టు ఎత్తు కొలవడం మధ్యలో మానేశాను, ప్రతి పది అడుగులకీ మారిపోతోంది.

"మీరు మున్సిపాలిటీ నుంచి వచ్చారా?" అని ఒక తోపుడు బండి ఆయన అడిగాడు. జామకాయలు అమ్ముతున్నాడు. కాదన్నాక ఊపిరి పీల్చుకున్నాడు. "టేపు పట్టుకొచ్చారంటే బండి తీసెయ్యమంటారేమో అనుకున్నానండీ."

సిడ్నీలో నాకు ఎదురుకాని ప్రశ్న ఇదే. చర్చ్ స్ట్రీట్‌లో తోపుడు బళ్లు లేవు. షేర్ ఆటోలు లేవు. మన దగ్గర వీధి బాగుచేయడం అంటే మొదట లేపేసేది ఈయన్నే. అక్కడ పక్క షాపు ఆయనకి కనీసం కోర్టు మెట్లెక్కే దారుంది. ఈయనకి ఉన్నది నాలుగు చక్రాలే. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఆయనకంటూ గుర్తించిన చోటు ఇవ్వాలి. నా మటుకు నేను, జామకాయల బండికి చోటు లేని 'నడక వీధి' మన ఊరికి వద్దనే అంటాను. నడిచేవాళ్లు ఆగి కొనేది ఆయన దగ్గరే. కారు అద్దం దించి జామకాయలు కొనేవాళ్లు ఎంతమంది?

షాపుల వాళ్ల భయం వేరు. "బండి గుమ్మం ముందు ఆపనివ్వకపోతే ఎవడొస్తాడండీ" అన్నాడు బందరు లడ్డూ అమ్మే ఆయన. జార్జ్ స్ట్రీట్ వాళ్లూ ఇదే అన్నారు. కానీ ఆ సాయంత్రం ఆయన గుమ్మం ముందు ఉన్న ఆరు బైకుల్లో ఎన్ని కొనడానికి వచ్చినవాళ్లవి అని అడిగితే ఆయనే లెక్కపెట్టి చెప్పాడు. రెండు. మిగతా నాలుగూ ఆయనవీ, పనివాళ్లవీ, పక్క షాపు వాళ్లవీ.

గుడివాడ నెహ్రూ చౌక్‌లోనూ, అవనిగడ్డ సెంటర్‌లోనూ ఇదే బొమ్మ, కాస్త చిన్నగా. అవనిగడ్డలో దానికి తోడు కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు. గుడివాడ జంక్షన్లో రైలు దిగినవాడైనా, బందరు స్టేషన్లో దిగినవాడైనా బజారుకి పోవాలంటే నడిచే దారి గురించి ఆలోచించడు, ఆటో పిలుస్తాడు. ఇప్పుడు బందరు పోర్టు పనులు జరుగుతున్నాయి, లారీలు పెరుగుతాయి. రోడ్లు వెడల్పు చేస్తారు, అది ఖాయం. వెడల్పు చేసిన జాగాలో మనిషికి ఎన్ని అడుగులు రాస్తారన్నది ప్లాను గీసే రోజే అడగాలి. తారు వేశాక కాదు. అప్పుడే ఇంకోటి కూడా అడగాలి, కింద కాలవ ఎటు పోతోందో మ్యాపు ఉందా అని. మనది సముద్రం పక్కన చదునైన ఊరు. ఒక రాయి తప్పుగా పడితే నీళ్లు నిలిచిపోతాయి.

నేనైతే చిన్నగా మొదలుపెట్టమంటాను. కోనేరు సెంటర్ నుంచి ఒక్క వీధి, రోజూ కూడా వద్దు, ఆదివారం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. బళ్లు రాకుండా రెండు బారికేడ్లు, జామకాయల ఆయనకి ఒక గీత గీసిన చోటు, షేర్ ఆటోలు ఎక్కడ ఆగాలో ఒక బోర్డు. నెల రోజులు చూస్తే లడ్డూ ఆయన గల్లాపెట్టే చెప్తుంది.

వెళ్లేవాళ్లకి

సిడ్నీలో మీవాళ్లు పారమాటా వైపే ఉంటే అదృష్టం. వెస్ట్‌మీడ్‌లో ఎల్4 ట్రామ్ ఎక్కండి. ఓపల్ కార్డు ఉంటే సరే, లేకపోయినా మామూలు బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. చర్చ్ స్ట్రీట్ స్టాప్‌లో దిగి, నది దాకా వెనక్కి నడిచి లెనాక్స్ బ్రిడ్జి చూడండి. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే కుర్చీలన్నీ నిండి సందడిగా ఉంటుంది. భోజనం మన రుచే కావాలంటే పారమాటా నుంచి హారిస్ పార్క్ నడిచే దూరమే.

జార్జ్ స్ట్రీట్‌కి పారమాటా నుంచి రైల్లో అరగంట. టౌన్ హాల్‌లో దిగి సర్క్యులర్ కే దాకా నడవండి, మోకాళ్లు నొప్పెడితే అదే దారిలో ట్రామ్ ఉంది. తిరుగు ప్రయాణం మాత్రం ఫెర్రీలో రండి, గంటన్నర పట్టినా సరే. ఒపేరా హౌస్ పక్క నుంచే బయల్దేరుతుంది. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే తొందరపెట్టకండి. మా అత్తయ్య గారైతే ఫెర్రీ దిగాక ఒకటే అడిగారు, నాగాయలంక రేవులో పడవ ఎక్కడానికి ఇలాంటి చెక్క వంతెన ఎందుకు వేయరని.